ఒడ్డుకో తలూపు

పెరట్లో నిప్పుల మీద కాల్చిన ఎర్ర బుంగమిరపకాయల తొక్క ఒలుస్తోంది దెనిత్సా. చలికాలానికి సరిపడా జకుస్కా పచ్చడి ఈ వారంలోనే సీసాలకెక్కాలి. వేళ్లు మండుతున్నాయి. మునిసిపాలిటీ ఆఫీసు నుంచి వచ్చిన మొగుడు కోర్నెల్, బూట్లయినా విప్పకుండా కబురు చెప్పాడు. డాన్యూబుకు అవతల, బల్గేరియా వాళ్లు తమ అణు విద్యుత్ కేంద్రాన్ని ఇంకా పెంచుతారట. గాలికీ నీటికీ సరిహద్దు లేదు గనక ఇవతలి రొమేనియా ఊళ్ల మాట కూడా వినాలట. రేపు టౌన్‌హాల్లో సభ. దెనిత్సా పుట్టింది అవతలే కాబట్టి ఆమే దుబాసీ. డబ్బిస్తారా అని ఆమె అడగలేదు. అడక్కుండానే జవాబొచ్చింది.

"ఇంటి మనిషివి, నీకు డబ్బులేంటి? నాలుగు మాటలు అటుదిటూ ఇటుదటూ మార్చడమూ ఒక పనేనా?"

అత్తగారు సఫ్తా ఉల్లిపాయలు తరుగుతూ అందుకుంది. "వెళ్లిరావే. ఆ కొంప మీద కుంపటి మీ పుట్టింటివాళ్లు పెట్టిందేగా. కాయలు మాత్రం ఒలిచేసి వెళ్లు."

ఆ సాయంత్రమంతా కాయలు ఒలుస్తూ ఆమె కొత్తగా కాపురానికొచ్చిన రోజు తలుచుకుంది. అప్పుడామె అవతలి ఊళ్లో పంతులమ్మ. రోజూ పడవలో వెళ్లి పాఠం చెప్పి రావచ్చని అనుకుంది. పెళ్లి భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందూ, ఉద్యోగం మానేస్తావు కదమ్మాయ్ అని సఫ్తా అడిగింది. దెనిత్సాకు ఇక్కడి భాష అప్పటికి రెండు మాటలే వచ్చు. ప్రశ్న అర్థమైంది, జవాబుకు మాట దొరకలేదు. తల నిలువుగా ఊపింది. ఆమె పుట్టిన ఒడ్డున నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే అవునని. ఇవతల అంతా తలకిందులు. చుట్టాలు సంతోషంగా గ్లాసులెత్తారు. కోడలు బుద్ధిమంతురాలన్నారు. చిన్నప్పటి నుంచీ అవతలి సంతల్లో తిరిగిన కోర్నెల్‌కు ఆ తలూపు సంగతి తెలుసు. అయినా ఏమీ అనకుండా చిన్నగా నవ్వి, తనూ గ్లాసెత్తాడు. తర్వాత ఆమె ఏడిస్తే, "నువ్వే ఊపావుగా. అందరి ముందూ ఊపి ఇప్పుడు మాట మారిస్తే మా అమ్మ పరువేం కావాలి?" అన్నాడు. కొత్తకోడలు అడగ్గానే తలూపిందంటూ ఏటా పండగ భోజనాల్లో ఆ కథ చెప్పుకుని నవ్వుకుంటారు. వడ్డించేది ఆమే. ఆమెకు కోపం రాక కాదు, వచ్చిన ప్రతిసారీ మింగింది. మింగిందంతా లోపల ఎక్కడికీ పోలేదు.

మర్నాడు హాలు నిండింది. రెండో వరసలో సఫ్తా కొత్త రుమాలు కట్టుకుని కూర్చుంది. అవతల నుంచి వచ్చిన ఇంజనీరు పెద్దమనిషి, మర్యాదస్తుడు. తెచ్చిన నివేదిక దిండంత ఉంది, అదంతా బల్గేరియా భాషలో. ఇక్కడివాళ్లకు పంచింది పల్చటి సారాంశం, అందులో ఈ ఒడ్డు ఊసే లేదు. దెనిత్సా మధ్యాహ్నం దాకా ఇద్దరి మాటలూ మోసింది. ఎవరి మాటకైనా 'నేను' అనే అంటుంది దుబాసీ. అన్ని నేనుల్లోనూ తనది ఒక్కటీ లేదు.

అప్పుడు బడి వంటమనిషి వియోరికా లేచింది. చంకలో పసిది నిద్రపోతోంది. "మా గాలి గురించీ, మేం తాగే నీళ్ల గురించీ రాసిన భాగం మా భాషలో మాకిస్తారా? మీరు సంతకాలు పెట్టకముందే? అదొక్కటి చెప్పండి చాలు."

దెనిత్సా ఆ మాటలు మార్చి చెప్పింది. ఇంజనీరు నోట్లో నీళ్లున్నాయి. గ్లాసు దించకుండానే తల నిలువుగా ఊపాడు.

హాలంతా చప్పట్లు. వియోరికా కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. ఒప్పుకున్నారు, సంతోషం అంటూ మేయరు తర్వాతి ప్రశ్న పిలిచాడు. దెనిత్సా కోర్నెల్ వైపు చూసింది. మేయరు కుర్చీ వెనక నిలబడి, వదిలెయ్యమన్నట్టు చెయ్యి ఆడించాడు. చిన్నగా నవ్వుతున్నాడు. పెళ్లి భోజనాల దగ్గర నవ్విన నవ్వే.

ఆమె మైకు దగ్గరికి జరిగింది.

"ఆయన ఇవ్వనన్నాడు."

"అందరం చూశాం కదమ్మా, తలూపాడు," అన్నాడు మేయరు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"అవతల అలా ఊపితే కాదని." ఆమె ఇంజనీరు వైపు తిరిగి అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఆయన నీళ్లు మింగి, నియమం ప్రకారం సారాంశమే ఇస్తామన్నాడు. "నె," అన్నాడు, ఇంకోసారి తల నిలువుగా ఊపుతూ. ఇక్కడి 'ను' లాగే వినిపించే ఆ 'కాదు'కు దుబాసీ అక్కర్లేదు. చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్లోకి దిగిపోయాయి. వియోరికా మళ్లీ లేచి నిలబడింది. ఆమెతోపాటు ఇంకా చాలామంది లేచారు.

కోర్నెల్ ముఖంలో నవ్వు లేదు. ఇంక చాలు, దిగు అన్నాడు పెదవులతోనే. దెనిత్సా దిగలేదు. రెండో వరసలో కొత్త రుమాలు వైపు చూసి, తన పుట్టింటి భాషలో కాదు, సఫ్తాకు తెలిసిన భాషలోనే, మైకులోనే చెప్పింది.

"ఆ రోజు నేనూ కాదనే అన్నాను, అత్తయ్యా. మీ అబ్బాయికి తెలుసు."