పదకొండు రోజులు

"ఈ సంతకం ఎవరిదండీ?" అంటూ అవతలి లాయరు పోస్టాఫీసు డెలివరీ రిజిస్టరు నకలు నా ముందుకు జరిపాడు.

సంతకం నాదే. రిజిస్టరు ఉత్తరం తీసుకుంటూ పెట్టింది. తేదీ మూడు. మా అమ్మాయి భర్త ఇల్లు వదిలి వచ్చింది పద్నాలుగున.

బోనులోంచి ముందు బెంచీ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. అమ్మాయి చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ ఉత్తరం పద్నాలుగునే వచ్చిందని ఆమె ఇప్పటికీ నమ్ముతోంది. మా లాయరమ్మ కూడా.

ఉత్తరం రాసింది అతని మొదటి భార్య. అతనికి ముందొక పెళ్ళయి విడిపోయాడని మాకు తెలియదు. పిల్లలు పుట్టకుండా అప్పుడే ఆపరేషన్ చేయించుకున్నాడనీ తెలియదు. పెళ్ళికి ముందు మా ఇంట్లో కూర్చుని, "నాకు ఇద్దరూ ఆడపిల్లలే కావాలి మామయ్యగారూ" అన్న మనిషి.

విడాకులకు అతను ఒప్పుకోడు. అమ్మాయికీ అవి అక్కర్లేదు. "విడిపోవడానికి అసలు పెళ్ళెక్కడైంది?" అంటుంది. అందుకే ఆ పెళ్ళే చెల్లదని, రద్దు చెయ్యమని కోరాం. లాయరమ్మ మొదటిరోజే హెచ్చరించింది. "మోసపోయామంటే చాలదు బాబాయిగారూ. తెలిసిన క్షణం నుంచి అతనితో కాపురం చెయ్యలేదని చూపించాలి. తెలిసీ ఇష్టపడి ఒక్కరోజు ఉన్నా కేసు గోవిందా."

ముప్పయ్యేళ్ళు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేశాను. చెడ్డ ఫలితం వస్తే, రెండోసారి పరీక్షించనిదే కాగితం బయటికి పంపేవాణ్ణి కాదు. ఆ ఉత్తరం అమ్మాయి పేరున వచ్చింది. విప్పి చదివి, అలాగే నా దగ్గర ఆపేశాను. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్తే రికార్డు చూపించేది లేదన్నారు. మొదటి భార్య పనిచేసే బట్టలకొట్టుకు వెళ్ళి రెండుసార్లు గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వచ్చేశాను. మూడోసారి ఆమే పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కాగితాలన్నీ చూపించింది. అప్పటికి పద్నాలుగో తేదీ. ఉత్తరం ఆరోజే వచ్చిందని అమ్మాయికి చెప్పాను.

"మూడో తేదీన మీ అమ్మాయికి ఫోన్ చేశారా?"

"రోజూ చేస్తానండీ."

"ఇంత పెద్ద సంగతి చేతిలో పెట్టుకుని ఎండావానా మాట్లాడుకున్నారా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"మీరు చెప్పారు. ఆమె విని సర్దుకుపోయింది. పదకొండు రోజులు హాయిగా కాపురం చేసింది. తర్వాత ఏదో గొడవై బయటికొచ్చింది. అంతేగా?"

అవునంటే కేసు పోతుంది. కాదంటే, అన్నీ తెలిసి ఆమెను ఆ ఇంట్లో ఉండనిచ్చింది నేనేనని ఆమె అందరి ముందూ వింటుంది.

నేను బోను కమ్మీకి ఒరగడం చూసి కోర్టు బంట్రోతు కుర్చీ తెచ్చి వెనక పెట్టాడు. ఎవరూ అడక్కుండానే జడ్జిగారు కూర్చోమన్నట్టు తలూపారు. వాళ్ళిద్దరికీ నేనేమీ కాను. కూర్చుంటే మాట రాదేమోనని కూర్చోలేదు.

"చెప్పలేదండీ. దాచాను."

"ఎందుకు?"

"నిజమో కాదో రూఢి చేసుకుందామని."

"పదకొండు రోజులా?"

"అబద్ధమైతే బాగుండునని పదకొండు రోజులు తిరిగాను."

అవతలి లాయరు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత అమ్మాయిని మళ్ళీ పిలిచారు. "ఆయన చెప్పేదాకా నాకు తెలీదు" అంది. నాన్న అనలేదు.

వరండాలో లాయరమ్మ నా మీద విరుచుకుపడింది. "ఆ ముక్క నాకు ముందే చెప్పి ఏడవచ్చుగా బాబాయిగారూ! ప్రాణం పోయినంత పనైంది." అంతలోనే గొంతు తగ్గించింది. "పోనీలెండి. వాళ్ళు తెచ్చిన రిజిస్టరే మనల్ని గట్టెక్కించింది, అందులో సంతకం మీది, అమ్మాయిది కాదు. తీర్పు వచ్చే నెల. గెలిచినట్టే."

బస్టాపుకు చేరాక అమ్మాయి అడిగింది.

"పదో తేదీన ఫోన్లో నేనేం చెప్పానో గుర్తుందా?"

"ఉంది. పెళ్ళై ఎనిమిది నెలలైంది, నాలోనే ఏదో లోపముందేమో, డాక్టరుకి చూపించుకుంటానన్నావు."

"నువ్వేమన్నావు?"

"తొందరేముందమ్మా అన్నాను."

"నాకు ధైర్యం చెప్తున్నావనుకున్నాను నాన్నా."

బస్సు వచ్చింది. ఆమె ముందెక్కి, కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో బ్యాగు పెట్టింది. నేను రాడ్డు పట్టుకుని నిలబడ్డాను.

"ఖాళీ ఉందిగా పెద్దాయనా, కూర్చోండి" అన్నాడు కండక్టరు.

"ఫర్లేదు బాబూ" అన్నాను.

రెండు స్టాపులు దాటాక, నా వైపు చూడకుండానే, ఆమె బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.