మొదట వచ్చే మనిషి

షట్టరు ఎత్తాలి. అద్దం తుడవాలి. రెండు కుట్టుమిషన్లకూ చుక్క నూనె వేయాలి. నిన్న కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు ఊడ్చి సంచిలో కుక్కాలి. నమూనా కర్టెన్లు తీగకు వేలాడదీసి కుచ్చులు సర్దాలి. ఇవన్నీ అయ్యాక అక్క చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాలి. వెళ్లి, ముక్కూమొహం తెలియని మనిషిలా తిరిగి లోపలికి రావాలి.

ఆ ఆఖరి పని అక్క పెట్టిందే. అక్కాచెల్లెళ్లు కర్టెన్లు కుట్టే షాపు తెరిచిన కొత్తలో ఈగలు తోలుకోవడమే పనైంది. వాళ్లింట్లో మొట్టమొదట డిగ్రీ చదివింది చెల్లెలు. ఉద్యోగం వద్దు, షాపే పెడదామని పట్టుబట్టిందీ తనే. నెల తిరక్కుండానే డీలా పడిపోయిందీ తనే.

"మూసేద్దాం అక్కా. నావల్ల కాదు."

"నీ మొహం చూస్తే కొనడానికొచ్చినవాళ్లు ఓదార్చి వెళ్తారే. ఎవరూ రాకపోతే నేనొస్తా. నన్ను పలకరించు, చూద్దాం."

మర్నాటి నుంచీ ఆట మొదలైంది. ఒకరోజు చెవులు వినపడని ముసలమ్మ. ఒకరోజు "ఇంత ధరా? బంగారు దారంతో కుట్టారా?" అని దులిపేసే గయ్యాళి. ఇంకోరోజు కిటికీలు ఎన్నున్నాయో తనకే తెలియని మహారాణి. చెల్లెలు నవ్వకూడదు, "మీరు" అనే పిలవాలి. కొలతలు రాసుకుని "మళ్లీ రండి" అనేదాకా అక్క అక్క కాదు.

అక్క మహా టక్కరి. మధ్యలో కడుపు పట్టుకుని "చెల్లీ, నొప్పే!" అని మూలిగేది. చెల్లెలు కంగారుగా "అక్కా!" అంటే చాలు, పకపకా నవ్వేది. "ఓడిపోయావ్! కాళ్లావేళ్లా పడినా లొంగకూడదు, తెలిసిందా?"

పక్కకొట్లో తాళాలు బాగుచేసే మామయ్య తొంగిచూసి, "టికెట్ పెట్టండమ్మా, కర్టెన్లకంటే దీనికే జనం వస్తారు," అనేవాడు.

అలా నవ్వుతూ నవ్వుతూనే చెల్లెలి గొంతు విచ్చుకుంది. షాపు తెరవగానే ఒక మనిషిని గెలిచినట్టుండేది. ఆ హుషారు నిజంగా వచ్చినవాళ్లకీ తగిలింది. లోపల కాలు పెట్టి ఊరికే పోయేవాళ్లు తగ్గారు. చివరికి కొత్తగా కట్టిన బడి హాలుకి కర్టెన్లన్నీ కుట్టిపెట్టమని కబురొచ్చింది. అక్క నడుం వాల్చకుండా కుట్టింది. జబ్బ లాగేస్తోందంటే మిషన్ మీద వంగి కుట్టి కుట్టి అనుకున్నారిద్దరూ.

ఆ కర్టెన్లు పంపాల్సిన రోజు పొద్దున కూడా అక్క బయటికి వెళ్లింది. రావడం ఆలస్యమైంది. వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. నుదురంతా చెమట.

"రండి, కూర్చోండి. ఏ గదికండీ?"

"చెల్లీ... ఆయాసంగా ఉందే."

"ఇక్కడ చెల్లెళ్లెవరూ లేరండీ. కర్టెన్లే ఉన్నాయి." తన తెలివికి తనే మురిసిపోయింది చెల్లెలు.

"ఆట కాదే..."

"అందరూ అలాగే అంటారు మేడమ్. కిటికీ వెడల్పు చెప్పండి."

అక్క స్టూలు మీద కూలబడింది. ఏదో చెప్పబోయి, వెలిగిపోతున్న చెల్లెలి మొహం చూసి ఆగింది. కొంచెం నవ్వింది కూడా. చెల్లెలు టేపు లాగి ఒక కొస అక్క చేతిలో పెట్టింది. ఆ కొస జారి నేలమీద పడింది.

మామయ్య ఆటో పిలిచాడు. గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. కాస్త ముందు తెచ్చుంటే అని ఆయన అనలేదు. అనకపోయినా ఆ మాట చెల్లెలి చెవుల్లో ఉండిపోయింది.

షట్టరు చాన్నాళ్లు దించే ఉంది. ఒకరోజు మామయ్య ఇంటికొచ్చి కూర్చున్నాడు. "బడివాళ్లు వచ్చి వెళ్లారమ్మా. అక్క కుట్టినవి షాపులో ఓ మూల పడున్నాయి. ఇచ్చెయ్యవూ?"

మర్నాడు చెల్లెలు షట్టరు ఎత్తింది. తుడిచింది, నూనె వేసింది, ఊడ్చింది, కుచ్చులు సర్దింది. బడి కర్టెన్లు మూటకట్టి పంపింది. ఇక మిగిలిన ఆ ఆఖరి పని దగ్గర ఏం చేయాలో తోచక నిలబడిపోయింది.

అంతలో గుమ్మంలో ఒకావిడ. మెట్లెక్కి వచ్చి రొప్పుతోంది.

"ఒంట్లో బాగానే ఉందా అండీ?"

"బానే ఉందమ్మా. కర్టెన్లు చూద్దామని."

"నిజంగా బాగుందా?"

ఆవిడ వింతగా చూసి తలూపింది. అప్పుడుగానీ చెల్లెలు టేపు అందుకోలేదు.

షాపు ఇప్పటికీ నడుస్తోంది. ఎవరొచ్చినా ముందు అదే ప్రశ్న. "ఇది కర్టెన్ల షాపా, ఆసుపత్రా?" అని నవ్వుకునేవాళ్లూ ఉన్నారు. ఆమె హుషారుగానే పలకరిస్తుంది. ఆ హుషారు ఎవరి సొమ్మో ఆమెకు తెలుసు.

మీరెప్పుడైనా కొత్తగా తెరిచిన షాపులో అడుగుపెడితే, లోపలున్న మనిషి "రండి, కూర్చోండి" అని నోరారా పిలిస్తే, ఆ పిలుపు నేర్పడానికి రోజూ బయటికి వెళ్లి లోపలికొచ్చిన ఈ అక్కను ఒక్కసారి తలుచుకోండి.