గీతకు తగిలే తల

మా తిప్పన్న బావ మొండితనం ముందర ఎలుగుబంటి కూడా దిగదుడుపే. రాయదుర్గం అవతల గుట్టమీద గొర్రెలు మేపబోయి, పిల్లలతో ఉండే ఎలుగుకు ఎదురుపడి, ఒక పెద్ద బండరాయెక్కి నిలబడినాడు. కిందినుంచి అది పైకి పాకతాండాది. పోలీసుల్లో దూరపు గురికి నేనే కాబట్టి నన్ను పిలిపించినారు. ఎలుగు తలకు పైనుండే రాతికి ఒక గుండు తగిలిస్తే బెదిరి పోతాది. గుండు కొంచెం కిందికి దిగిందా, ఎలుగుకే తగుల్తాది, గాయమైన ఎలుగు బావను చీల్చి పెడతాది. అంతా దూరం లెక్కలోనే ఉండాది.

తుపాకీ మీద గురికి బిగించే దుర్బిణీ అద్దాల కథ నన్నడగండప్పా. ముందు కాలంలో అద్దంలో వట్టి అడ్డం నిలువు గీతలే. దూరం కంటి అంచనా, తగిలితే తగిలినట్టు. ఆ పైన రష్యావాళ్లు మూలన ఒక వంపు గీత గీసినారు. మనిషి కాళ్లు కింది గీతమీద ఆనించితే, తల వంపుకు యాడ తగుల్తాదో ఆడుండే అంకే దూరం. తర్వాత చుక్కలొచ్చినాయి, ఇప్పుడు లేజర్లు. నా చేతిలో ఉండేది ఆ వంపు గీతే, నాకదే చాలు. గీసినోళ్లు మనిషిని అయిదడుగుల ఏడంగుళాలని పెట్టుకున్నారు. మా బావ సరిగ్గా అంతే.

అద్దంలో సూస్తే బావ నెత్తిన జానెడు తలగుడ్డ. దాని కింద తల యాడికి ముగుస్తాదో తెలీదు. గుడ్డతో కలిపి కొలిస్తే మనిషి పొడుగై దూరం తక్కువ సూపిస్తాది, గుండు కిందికి పోతాది.

పక్కనున్న మా చౌడేశ్వరక్క, తలగుడ్డ తియ్యమని మొగునికి ఫోన్లో చెప్పింది. బావ నా ముందర తియ్యనన్నాడు. మా పక్క ఎదుటోని ముందర తలగుడ్డ తీస్తే ఓడిపోయినట్టు. పోయినేడు ఆయన గొర్రెలు నా శెనక్కాయ చేన్లో పడినాయని, పంచాయితీలో నా ముందర తలగుడ్డ తియ్యమన్నారు. తియ్యకుండా లేచిపోయినాడు, అప్పట్నుంచి మాటల్లేవు. అక్క ఏడుస్తాండాది. నాకు ఒళ్లు మండింది. సావు కాళ్లకింద ఉంటే ఇంకా పంతమేనా?

తుపాకీ పక్కన పెట్టి లేచినా. టోపీ తీసి, ఆయనకు కనపడేట్టు ఎత్తి, నేలమీద పెట్టినా. నా బట్టతల ఎండకు మైలు దూరం మెరుస్తాది. ఫోన్ అందుకున్నా.

"బావా, నాదే ముందు దించినా. ఇంక నువ్వు తియ్యి."

మళ్లీ తుపాకీ పట్టినా. అద్దంలో సూస్తే తలగుడ్డ చేతిలో ఉండాది, మనిషి నిటారుగా నిలబడినాడు. తల పోయి వంపుకు తగిలింది. ఆడుండే అంకె సూసుకొని, ఎలుగు పైనుండే రాతికి కొట్టినా. రాతిపొడి లేచింది, ఎలుగు పిల్లలతో గుట్ట దిగి పరిగెత్తింది.

బావ దిగొచ్చి, నా టోపీ తీసి, దుమ్ము దులిపి నా నెత్తిన పెట్టినాడు.

"నీ చేన్లో పడినవి నా గొర్రెలేరా," అన్నాడు.

ఆయన చేతిలో తలగుడ్డ నేనే తీసుకొని ఆయన తలకు చుట్టినా. వంకరగా చుట్టినానని ఇంటిదాకా తిడతానే వచ్చినాడు.