మూడో గేరు దగ్గర కుదుపు

“బండికేం లేదు, నీ కాలే బరువు,” అన్నాడు భర్త, షూ లేసులు విప్పుతూ. “నాకు ఒక్కసారైనా కుదుపు కొట్టిందా?”

కొట్టదు. పొద్దున్నే, ఇంజను ఇంకా చల్లగా ఉండగా, కారులో షటిల్ ఆడడానికి పక్క వీధి దాకా వెళ్లొస్తాడు. ఆ తర్వాత బండి ఆమెది. పిల్లని బడిలో దింపాలి, అత్తగారిని మోకాలి వ్యాయామానికి తీసుకెళ్లాలి, తన ఆఫీసు, మళ్లీ బడి, కూరలు. మధ్యాహ్నానికి బండి బాగా వేడెక్కేది. రెండో గేరు నుంచి మూడోదానికి దానంతటదే మారేచోట ఇంజను అరిచేది, బండి లాగేది కాదు, అంతలో వెనకనుంచి ఎవరో తోసినట్టు ఒక కుదుపు. “కుదురు లేనిది బండికి కాదులే,” అనేది వెనక సీట్లోంచి అత్తగారు.

చివరికి భర్త తేల్చేశాడు. “మెకానిక్‌కి చూపిద్దాం. బండిలో ఏం లేదన్నాడా, తాళం నాకిచ్చెయ్. డ్రైవర్ని పెడదాం.”

రోజు మొత్తంలో ఆమె ఒక్కతే కూర్చునేది ఒకరిని దింపి ఇంకొకరిని ఎక్కించుకునేలోపు, ఆ స్టీరింగ్ ముందే.

మెకానిక్ కంప్యూటర్ తగిలించి చూశాడు. అందులో ఏ లోపమూ కనిపించలేదు. భర్త ఆమె వైపు చూశాడు. మెకానిక్ కూడా ఆమె వైపే తిరిగాడు.

“ఎప్పుడు కొడుతుందమ్మా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? కొట్టే ముందు మీకేమైనా తెలుస్తుందా?”

ఆమె చెప్పింది. అలసటగా ఉందని, నిద్ర పట్టడం లేదని ఇంట్లో ఎన్నిసార్లు అందో. ఎప్పటినుంచని గానీ, ఎలా ఉంటుందని గానీ ఒక్కరూ అడగలేదు.

“అయితే వేడి మీదే పట్టుకోవాలి,” అంటూ మెకానిక్ బండికి చిన్న పెట్టె బిగించాడు. “ఊరు దాటి పోనివ్వండి. కొట్టగానే ఈ బటన్ నొక్కండి, లోపల ఏం జరిగిందో ఇది రికార్డ్ చేస్తుంది.”

“నేను నడుపుతా,” అన్నాడు భర్త.

“మీకది కొట్టదన్నారు కదా సార్. కూర్చోండి, టీ తెప్పిస్తా.”

ఆమె ఒక్కతే బయల్దేరి గోదాములు దాటింది. ఆ తర్వాత అటూ ఇటూ పొలాలు. దింపాల్సినవాళ్లు లేరు, ఎక్కించుకోవాల్సినవాళ్లు లేరు. కుదుపు రావాలని బయల్దేరిన మనిషి, ఇంకాసేపు రాకుంటే బాగుండుననుకుంది.

వచ్చింది. లారీ వెనక నెమ్మదించి, మళ్లీ వేగం అందుకునేచోట. బటన్ నొక్కింది. పెట్టె మీద లైటు వెలిగింది. ఇక తాళం ఎవరూ అడగలేరు.

వెనక్కి మళ్లే చోటు కనిపిస్తుండగా ఫోన్ మోగింది.

“ఎంతసేపు? దొరికిందా?” అన్నాడు భర్త.

“ఇంకా లేదు,” అంది, ఆ మలుపు దాటించి పోనిస్తూ. “ఇంకొంచెం దూరం వెళ్లాలి.”