మూడో విజిల్

నేను ఒక విజిల్‌ని. ఇత్తడి ఒళ్లు, పైన తెల్లటి పూత, కడుపులో శనగగింజంత బెండు ఉండ. ఎవరైనా ఊదితే ఆ ఉండ గిరగిరా తిరుగుతుంది, అప్పుడు నాకు గొంతు వస్తుంది. నాకు భయం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు వెనకాల చెప్పుకుని నవ్వకుండా. ఆపదలో పనికొస్తుందని తయారు చేసిన వస్తువుకు ఆపద గురించి కాక ఇంకేం ఆలోచన ఉంటుంది చెప్పండి.

సికింద్రాబాదులో ఒక ఇరుకు సందులో పుట్టాను. రేకును అచ్చుల మధ్య పెట్టి నొక్కేవాడొకడు, అతుకు పెట్టేవాడొకడు, బెండు ఉండ లోపలికి తోసేవాడొకడు. చివర్లో ఒక ముసలాయన అందరినీ ఒక్కొక్కసారి ఊది చూసేవాడు. నా ఒంట్లోకి వెళ్లిన మొదటి ఊపిరి ఉల్లిపాయ వాసనది. ఆయన తల ఊపి నన్ను మంచివాటి గంపలో పడేశాడు. పలకని వాటిని ఇంకో గంపలో వేసేవాడు. ఆ గంప ఎక్కడికి వెళ్తుందో నేను అడగలేదు, తెలుసుకోవాలనీ లేదు.

నన్ను కొన్నది రాజలింగం. భువనగిరి వైపు తిరిగే బస్సులో కండక్టరు. ఆయన మెడలో నల్లదారానికి వేలాడుతూ నా వయసంతా గడిచింది. బస్సులో నా భాష చాలా చిన్నది. ఒక్క విజిల్ అంటే ఆపు. రెండంటే పోనివ్వు. దాన్నే అందరూ 'రైట్ రైట్' అంటారు. డ్రైవరు వెనక్కి తిరిగి చూసేవాడు కాదు, నా మాట మీదే బండి ఆగేది, కదిలేది. ఇంత పెద్ద బస్సు ఇంత చిన్న ముక్క మాట వింటోందని మొదట్లో కాస్త గర్వపడ్డాను. తర్వాత అదే నా ప్రాణానికి వచ్చింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద ఉన్న మనిషిని వదిలేసి రెండు కొట్టేస్తే? రాజలింగం మాత్రం వెనక మెట్టు ఒకసారి చూడందే నన్ను నోట్లో పెట్టుకునేవాడు కాదు. కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు నాదన్నవాడికీ, ఆ కర్చీఫ్ మీదే కూర్చున్నవాడికీ మధ్య యుద్ధాలు తీర్చి, చెమట తుడుచుకుని, వెనక్కి చూసి, అప్పుడు రెండు కొట్టేవాడు. ఆ రెండూ కొట్టాక ఆయన ముఖంలోనే ఒక నెమ్మది కనిపించేది. అంతా ఎక్కారు, ఎవరూ పడిపోలేదు, ఇక వెళ్లొచ్చు అని.

ఆయన రిటైరయ్యాక నేను బీరువా సొరుగులో, గోళ్లు తీసేది, ఏ తాళానివో తెలియని చెవులు, వీటి మధ్య పడున్నాను. అక్కడ నాకు హాయిగానే ఉంది. ఎవరూ మెట్టు మీంచి పడరు.

ఆయన కూతురు రజిత నన్ను బయటికి తెప్పించింది. రజిత ఉప్పల్లో తండ్రితోనే ఉంటుంది, ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. తనతో పనిచేసే జరీనా ఆమెకు ఒక ఆట అంటించింది. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బాను ఏ గుట్ట మీదో, ఏ రాతి సందులోనో దాచి, అది ఉన్న చోటు అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. ఇంకెవరో ఫోనులో ఆ అంకెలు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారు. డబ్బా దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చేస్తారు. అంతే. దీన్ని జియోకాషింగ్ అంటారట. లిఫ్టు పాడైతే మొదటి అంతస్తుకు నిట్టూరుస్తూ ఎక్కే మనుషులు, పేరు రాయడానికి గుట్టలెక్కుతారు. మీ జాతి గురించి నాకు అర్థం కానివి చాలా ఉన్నాయి, అందులో ఇదొకటి.

రజిత అజాగ్రత్త మనిషి కాదు. చుక్క రక్తం తీసినా సీసా మీద పేరు రాయందే పక్కన పెట్టదు. గుట్టకు వెళ్తే సంచిలో రెండు సీసాల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చి, కట్టు గుడ్డ, ఫోనుకు అదనపు ఛార్జరు పెట్టుకునేది. ఎంత ఎండైనా నిండు ప్యాంటు, బూట్లు. సందుల్లో చెయ్యి పెట్టే ముందు పొడిచి చూడటానికి ఒక కర్ర. రాజలింగం తన వంతుగా ఒక షరతు పెట్టాడు. ఏ గుట్టకు వెళ్తున్నావో, ఎటు నుంచి ఎక్కుతావో, ఎప్పటికి దిగి ఫోను చేస్తావో చెప్పాలి. ఫోను రాకపోతే ఆయన బయల్దేరి వచ్చేస్తాడు. ఆ షరతు విన్నప్పుడే ఆయన మీద నాకు మళ్లీ ప్రేమ పుట్టుకొచ్చింది. సొరుగు తీసి నన్ను ఆమె చేతిలో పెట్టి, మెడలో వేసుకోమన్నాడు. ఆమె సరేనంది. గుమ్మం దాటగానే తీసి జేబులో వేసుకుంది, చూసేవాళ్లు నవ్వుతారని.

ఇక ఆ రోజు సంగతి. భువనగిరి దాటాక కోతులబండ అని ఒక గుట్ట. జరీనా, రజిత కలిసి వెళ్లాలి. తెల్లవారాక జరీనా ఫోను చేసి, పాపకు జ్వరం, రాలేనంది. అయితే మానేద్దాం అని రజిత అంటుందేమోనని ఎంతో ఆశపడ్డాను. అనలేదు. ఊరికే కంగారు పడతాడని, తోడు రావట్లేదన్న మాట తండ్రికి చెప్పకుండా ఒక్కతే స్కూటీ తీసింది. జేబులో నా కడుపులోని ఉండ దారి పొడవునా గతుకు గతుకుకూ ఎగిరిపడుతూనే ఉంది.

గుట్ట ఎక్కడం బాగానే జరిగింది. మధ్యమధ్య ఆగి నీళ్లు తాగింది, నీడలో కూర్చుంది. డబ్బా దాచినవాళ్లు ఒక ఆచూకీ ఇచ్చారు, రెండు గుండ్లు గుసగుసలాడే చోట అని. ఆ రెండు గుండ్లూ దొరికాయి. మధ్య సందు ఇరుకు. భుజాన సంచితో పట్టదని సంచి విప్పి పైన బండ మీద పెట్టింది. అన్ని జాగ్రత్తలూ ఆ సంచిలో ఉన్నాయి, సంచేమో మనిషికి దూరంగా ఉంది.

కర్రతో పొడిచి చూసింది. డబ్బాకు తగిలి ఠంగుమంది. ఆ సంతోషంలో ఇంకొంచెం ముందుకు వంగింది. కాలి కింద గరుసు జారింది. ఒక్కసారిగా గుండ్ల మధ్యకు చంకల దాకా దిగిపోయింది. కుడి పాదం అడుగున ఎక్కడో రాళ్ల మధ్య ఇరుక్కుని పటుక్కుమంది. చేతిలో ఫోను ఇంకా లోతుకు పడిపోయింది. డబ్బా మాత్రం ఆమె ముఖానికి జానెడు దూరంలో, మూత మీద నవ్వు బొమ్మతో చూస్తోంది.

అరిచింది. ఛాతీ రెండు బండల మధ్య బిగుసుకుపోయి ఉంటే అరుపెక్కడ వస్తుంది? సణుగుడులా వచ్చింది. చెయ్యి కొంచెం కొంచెంగా కిందికి జరిపి నన్ను జేబులోంచి లాగేసరికి ఎండ గుండు మీంచి పక్కకు వాలింది. మూడు విజిళ్లంటే ఆపద అని ఆమె ఎక్కడో చదివింది. మూడు కొట్టింది. ఆగి, మళ్లీ మూడు. కోతులు వచ్చి చూసి వెళ్లాయి. సంచిలో నీళ్లు కనిపిస్తున్నాయి, అందవు. పెదాలు ఎండిపోయి నాకు తగులుతుంటే ఇసుక కాగితంలా ఉన్నాయి. ఇంత మంచి పిల్ల ఇలా ఒక రాతి సందులో ప్రాణం పోగొట్టుకుంటుందా అని నాకు ఏడుపొచ్చింది.

పొద్దు వాలాక ఊదడం మానేసింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. సందెవేళ ఈల వేస్తే పాములొస్తాయని చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ నెత్తిన మొట్టేదట. పాముకు చెవులుండవని బడిలో చదువుకున్న మనిషి, ల్యాబులో పనిచేసే మనిషి, నన్ను పెదవి దాకా తెచ్చి దించేసింది. కాళ్లేమో చీకటి సందులో ఉన్నాయి. ఆమెను ఏమనగలను, నాకూ భయంగానే ఉంది.

ఇంతలో కింది నుంచి పిలుపు. రజితా, ఓ రజితా అని. రాజలింగం గొంతు. చెప్పిన వేళకు ఫోను రాలేదని జరీనాకు చేశాడట, ఆమె ఒక్కతే వెళ్లిందని తెలిసి పక్కింటి ఆటోలో వచ్చేశాడట. తర్వాత వాళ్లు చెప్పుకుంటే విన్నాను.

రజిత పాములను మరిచిపోయింది. నన్ను నోట పెట్టుకుని ఊదింది. ఒకటి. రెండు. మూడోదానికి, ఉమ్మి, దుమ్ము కలిసి ఉండ గోడకు అతుక్కుపోయింది. గాలి వెళ్లింది, గొంతు రాలేదు. మూడో విజిల్ నా కడుపులోనే ఉండిపోయింది.

కింద అడుగులు ఆగాయి. ఆ తర్వాత రాజలింగం గొంతులో, వెనక మెట్టు చూసుకున్నాక వచ్చే ఆ నెమ్మది.

"రైట్ ఇస్తున్నది" అని తనలో తను పైకే అన్నాడు. ఆ వెంటనే గట్టిగా, "మంచిది బిడ్డా, మెల్లగ దిగు. నీ బండి కాడ ఉంట."

చెప్పుల చప్పుడు కిందికి మళ్లింది. బతుకంతా రెండు విజిళ్లకు బండి కదిలించిన మనిషి, రెండు విన్నాడు, కదిలాడు. ఆయన తప్పేముంది? మూడంటే ఆపద అని ఆయనకు ఎవరు చెప్పారు? నన్ను చేసిన ఆ సందులో, పలకని వాటి గంపలో నన్ను వేసి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. వేరే మంచి విజిల్ ఈ పిల్ల చేతిలో ఉండేది.

చప్పుడు దూరమవుతోంది. రజిత కళ్లు మూసుకుంది. కాసేపటికి కళ్లు తెరిచి, నన్ను బండకేసి కొట్టింది. ఒకసారి, ఇంకోసారి. ఉండ ఊడింది. ఛాతీలో పట్టినంత గాలి పీల్చి ఊదింది. ఈసారి మూడు కాదు. ఒక్కటే. ఆ గాలి అయిపోయేదాకా ఒక్కటే.

చెప్పులు ఆగిపోయాయి.

"ఆపుమన్నవా బిడ్డా?"

మళ్లీ ఒకటి ఊదింది.

ఆయన గొంతు మారిపోయింది. "కదలకు. ఒక్కొక్కటే కొడుతుండు, నేనా సప్పుడు వట్టుకోని వస్త."

ఆయన ముఖం గుండు మీద కనిపించేదాకా ఒక్కొక్కటే కొట్టాం, ఆమె, నేను. వచ్చీ రాగానే ఆయన సంచిలోంచి సీసా తీసి పడుకుని చెయ్యి చాచి తాగించాడు. ఆటో అబ్బాయి కింది ఊరికెళ్లి తాడుతో నలుగురిని తెచ్చాడు. పైకి లాగేటప్పుడు ఆమె కాలి నొప్పికి ఏడుస్తూనే, ఆ డబ్బా అందుకోమని అడిగింది, పేరు రాయాలట. రాజలింగం కసురుకుంటూనే డబ్బా అందుకుని ఇచ్చాడు, ఆమె రాశాక మళ్లీ అక్కడే పెట్టాడు.

పాదం విరిగింది, కట్టు కట్టారు. ఇంటికొచ్చాక ఒక సాయంత్రం రాజలింగం టీ గ్లాసు ఆమె మంచం పక్కన పెట్టి అన్నాడు.

"నువ్వు మూడు కొడితే నాకు రెండే ఇనొచ్చినయ్. నేను వోయేటోన్నే బిడ్డా."

"మూడంటే ఏందో నీకు నేను చెప్పలేదు గద బాపూ" అంది రజిత.

తర్వాత జరీనాను కూడా పిలిచి మాట్లాడుకున్నారు. ఎవరు గుట్టకెళ్లినా ఒక్కరు వెళ్లకూడదు, సంచి ఒంటి మీంచి దించకూడదు, విజిల్ మెడలోనే ఉండాలి, ఆపదైతే ఒక్కొక్కటే పొడుగ్గా కొట్టాలి. పుస్తకాల్లో ఎన్ని రాసి ఉన్నా, వినేవాడికి తెలిసిందే భాష అని వాళ్లకు అర్థమైంది. లోపల ఉండ లేని ప్లాస్టిక్ విజిళ్లు కొన్నారు. తడిసినా అతుక్కోవట అవి. నాకు చిన్నతనం అనిపించలేదు. రజిత మెడలో నమ్మకమైనది వేలాడుతుంటే నాకు కంటినిండా నిద్ర పట్టింది.

నన్ను ఆ డబ్బాలో పెట్టాలన్నది రాజలింగం ఆలోచన. ఈ ఆటలో డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుంటే ఇంకొకటి పెట్టి రావడం ఆనవాయితీ. అక్కడికి వచ్చేవాళ్లకు పనికొస్తుందన్నాడు. కట్టు విప్పి నడక వచ్చాక రజిత, జరీనా కలిసి కోతులబండ ఎక్కి, నన్ను నూనెతో తుడిచి డబ్బాలో పెట్టారు. దాచినవాళ్లను అడిగి, డబ్బాను కూడా సందులోంచి ఎవరూ జారనక్కర్లేని చోటికి మార్చారు.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. జనం వస్తారు, పేరు రాస్తారు, ఫొటో తీసుకుంటారు. కీచైన్లు తీసుకుంటారు, బొమ్మ బిళ్లలు తీసుకుంటారు. నన్ను ఒకసారి ఊది నవ్వి మళ్లీ లోపల పెడతారు. అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా నాకు ఒకటే లెక్క, ఎందరొచ్చారు, నీళ్లున్నాయా, ఇంట్లో చెప్పొచ్చారా.

ఇవాళ ఒకతను వచ్చాడు. ఒక్కడే. మూత తీయగానే అతని చేతిలో ఖాళీ సీసా కనిపించింది. ఫోను చూసుకుని, ఛార్జింగ్ అయిపోవచ్చిందని విసుక్కున్నాడు. పేరు రాశాడు. నన్ను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు. తీసుకో నాయనా, మెడలో వేసుకో అని మనసులో ఎంత మొత్తుకున్నానో. ఒక కీచైన్ తీసుకుని నన్ను లోపల పెట్టి మూత బిగించాడు.

అతని బూట్ల చప్పుడు పడమటి వైపు దిగుతోంది. గరుసు జారుతున్న శబ్దం వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్లీ వినిపిస్తోంది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కొడితే చాలు, అతను ఆగుతాడు. గొంతు నా దగ్గరుంది, ఊపిరి అతనితో వెళ్లిపోయింది. అటువైపు దారి లేదు.