వెర్లిన్ బావ చెప్పాల్సిన పేరు

మా బావ వెర్లిన్ స్ట్రౌడ్ ఇరవై రెండేళ్లు గుండ్రటి రేసు ట్రాకుల మీద గంటకు నూట తొంభై మైళ్ల వేగంతో ఎడమకే తిరిగాడు. అన్నేళ్లూ అతని చెవిలో మోగిన గొంతు నాది. జనం కూర్చునే స్టాండు పైకప్పు మీద నిలబడి, వెనక ఎవడొస్తున్నాడో, పక్కన ఎవడున్నాడో రేడియోలో చెప్పడం నా ఉద్యోగం. తల కదలకుండా పట్టీలు బిగించుకుని కూర్చున్న డ్రైవరుకు పక్కన ఏముందో కనపడదు. నేను "ఖాళీ" అంటే జరుగుతాడు, "ఉన్నాడు" అంటే జరగడు. కట్టుకున్న మా అక్క మాట కన్నా నా మాటే ఎక్కువ విన్నాడు. అందుకే ఈ కథలో వెధవ ఎవడా అని మీరు వెతుక్కోనక్కర్లేదు. నేనే, డోయల్ ప్రూయిట్‌ని.

పదహారేళ్లు బావ కారు బానెట్ మీద స్నోబెల్ పిండి పేరే ఉండేది. మా కరోలైనా కొండల కింద వేరే పిండితో బిస్కెట్లు చేస్తే అత్తగారు ముట్టుకోదు. ఆ మిల్లు యజమాని ఓడెల్ హాస్కిన్ పెద్దాయన, బావను కొడుకులా చూసేవాడు. ఆయన పోయాక పిల్లలు మిల్లు అమ్ముకున్నారు. కొన్నవాళ్లకు కార్ల గోల పట్టలేదు. ఏడాదిపాటు దేవులాడితే కారుకు డబ్బు పెట్టడానికి రెడ్‌గేట్ సాసేజ్ కంపెనీ దొరికింది. అదీ ఒక్క ఏడాదికి. ఒక్క రేసు గెలిస్తే మరో మూడేళ్లు పొడిగిస్తామన్నారు.

మా పనిలో చేతులెంత ముఖ్యమో నోరూ అంతే ముఖ్యం. గెలిచినా, ఓడినా, కారు పల్టీ కొట్టి మంటలంటుకున్నా, బయటికి రాగానే మైకులో ముందు స్పాన్సరు పేరు పలకాలి. ఒకసారి బావకు భుజం ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద పడుకునే "స్నోబెల్ కారు ఇవాళ భలే పరిగెత్తింది" అని, ఆ తర్వాతే "నెల్డా ఏదీ?" అని అడిగాడు. మా అక్క నెల్డా ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

రెడ్‌గేట్ ఏడాది మార్చిలో బావ గోడను గుద్దాడు. అప్పటికి తలకది ఎన్నో దెబ్బో లెక్క లేదు. డాక్టరు పదిహేను మాటలు చదివి, తిరిగి చెప్పమన్నాడు. రేసులు మొదలయ్యే ముందు, జనవరిలో పెట్టిన ఇదే పరీక్షతో పోల్చి చూశాడు. తేడా ఏమీ లేదన్నాడు, వెళ్లి నడుపుకోమన్నాడు. తేడా ఎలా ఉంటుంది? జనవరిలో నేనే నేర్పాను కదా!

"బావా, తెలిసినా సగం తప్పు చెప్పు. మొదటే మొద్దువని రాసుకుంటే, తర్వాత దెబ్బ తగిలినా పట్టుకోలేరు."

"ఓరి నీ బుర్ర తగలెయ్య!" అని పగలబడి నవ్వాడు బావ. గ్యారేజీలో సగంమంది చేసే పనే అది. మా అంత తెలివైనవాళ్లు లేరనుకునేవాళ్లం.

మే నెలలో అక్క నన్ను వంటింట్లో నిలబెట్టి కడిగేసింది. "ఒరేయ్, ఎప్పుడో చచ్చిపోయిన కుక్కకు నిన్న అన్నం పెట్టాడురా మీ బావ. రాలేదేమిటని గంటసేపు పిలిచాడు. నీ మాటైతే వింటాడు. ఆపెయ్యమని చెప్పు."

"ఈ ఒక్క ఏడాది అక్కా. కాంట్రాక్టు పొడిగిస్తే..."

"ఎవరికోసం? ఆయనకోసమా, నీకోసమా?"

డ్రైవరు దిగితే నేనూ పైకప్పు దిగాల్సిందే. ఆ మాట ఇద్దరికీ తెలుసు. కాఫీ కప్పు అక్కడే పెట్టి వచ్చేశాను.

అక్టోబరులో బావ గెలిచాడు. ఒట్టు, ఆ చివరి పది చుట్లు ఎవడూ అలా నడపలేడు. తల మర్చిపోయింది గాని, చేతులు ఏదీ మర్చిపోలేదు. గెలిచాక కారు చల్లబడేందుకు వేసే చుట్టులో నేను రేడియోలో పాఠం చెప్పించాను.

"బావా, మైకులో ఏం పేరు చెప్పాలి?"

"రెడ్‌గేట్."

"మళ్లీ."

"రెడ్‌గేట్ రా! నేనేమైనా పంజరంలో చిలకనా?"

తర్వాత హెల్మెట్ తీశాడు. దాంతోపాటు చెవిలోని నా గొంతూ పోయింది.

గెలిచినవాడి నెత్తిన స్పాన్సర్ల టోపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, ప్రతి టోపీకీ ఫోటో తీయడం మా ఆచారం. ముందు రెడ్‌గేట్ ఎర్ర టోపీ పెట్టారు. పక్కనే ఆ కంపెనీ యజమాని మోస్‌బీ పళ్లికిలించుకుని నిలబడ్డాడు. మైకు ముందుకొచ్చింది.

"ఈ స్నోబెల్ కారు ఇవాళ భలే పరిగెత్తింది," అన్నాడు బావ. "ఓడెల్ గారూ, ఇదంతా మీ చలవే. ఏరీ పెద్దాయన? ఇక్కడే ఉండాలే!" అంటూ గుంపులోకి చూసి, ఎవరో ముసలాయనకు చెయ్యూపాడు.

ముందు ఒకడు నవ్వాడు, వాడితోపాటు అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

ఆ వారమంతా దేశం మొత్తం ఆ వీడియో ముక్కే చూసింది. కొంప మునిగిందనుకుని రెడ్‌గేట్ ఆఫీసుకు వెళ్లాను. ప్రచారం చూసుకునే డెలేనీ అనే ఆవిడ నాకు స్వయంగా కాఫీ పోసింది. "భయపడకండి. డబ్బు పోసినా ఇంత పేరు రాదు. ఆయన్ను వదులుకోం," అంది.

వదులుకోలేదు, కారు మాత్రం లాక్కున్నారు. కారు మోస్‌బీ మేనల్లుడికి, వాడి చెవిలో మాట్లాడే పని నాకు. బావకు ప్రకటనలు. కారు మీద ఎవరి పేరుందని అడిగితే బావ స్నోబెల్ అనాలి. అప్పుడో అమ్మాయి వచ్చి నెత్తిన ఎర్ర టోపీ పెట్టి, నోట్లో సాసేజ్ ముక్క పెడుతుంది. "అన్నీ మర్చిపోయినా ఈ రుచి మర్చిపోలేరు!" ఆ ఒప్పందం కాగితం మీద బావ చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించింది నేనే.

"కారు ఎప్పుడిస్తారట రా?" అనడిగాడు.

"త్వరలోనే బావా."

ఏప్రిల్‌లో ఓ శనివారం సూపర్‌మార్కెట్ ముందు వేదిక కట్టారు. పక్కన రంగులేసిన కారు పెట్టారు, లోపల ఇంజను కూడా లేదు. రెండొందలమంది పిల్లాపాపలతో వచ్చారు. బావ చెవిలో నా గొంతు వినిపించే చిన్న మిషన్ పెట్టి, నేను సాసేజ్ బల్ల వెనక బటన్ పట్టుకుని నిలబడ్డాను.

నాకు తెలియనిది ఒకటుంది. ఆ వారమంతా అక్క ఫ్రిజ్ తలుపు మీద రెడ్‌గేట్ అని రాసి, పూటకు వందసార్లు బావ చేత చదివించింది. పేరు సరిగ్గా చెబితే కారు తిరిగి ఇస్తారని ఆయన నమ్మకం. ఎంత చెప్పినా ఆ నమ్మకం పోలేదట. పోనీ, నలుగురిలో నవ్వులపాలు కాకుండానైనా ఉంటాడని అక్క ఆశ. వేదికెక్కే ముందు బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇవాళ చూడు నా తడాఖా."

డెలేనీ మైకు పట్టుకుంది. "వెర్లిన్ గారూ, మీ కారు మీద ఎవరి పేరుంది?"

బావ కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. "రెడ్‌గేట్," అన్నాడు, గంట కొట్టినట్టు.

ముందు వరసలో అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. బావ నావైపు చూశాడు. మొదటి రేసు గెలిచినరోజు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు నేను.

"అయ్యో, బాగైపోయాడా ఏంటి?" అన్నాడు జనంలో ఎవడో. ఫోన్లు ఎత్తినవాళ్లు దించేశారు. డెలేనీ నవ్వు చెదరకుండానే నా దగ్గరికొచ్చి పళ్లమధ్య నుంచి అంది. "వీళ్లంతా వచ్చింది దీనికా? చెప్పండి ఆయనకు."

ఆలోచించానని చెబితే అబద్ధం. బటన్ నొక్కాను.

"బావా, తప్పు చెప్పావు. స్నోబెల్. స్నోబెల్ అను."

ఆ మొహంలో వెలుగు ఆరిపోవడం రెండొందలమందిలో అక్కా నేనూ ఇద్దరమే చూశాం. బావ ఒక్కసారి కూడా నన్ను అనుమానించలేదు. ఎప్పుడు అనుమానించాడు గనక!

"క్షమించాలి," అన్నాడు మైకులో, తల దించుకుని. "స్నోబెల్. స్నోబెల్ కదూ."

జనం ఈలలేశారు, చప్పట్లు కొట్టారు. అమ్మాయి వచ్చి ఎర్ర టోపీ పెట్టింది. అక్క మాత్రం వేదికవైపు చూడట్లేదు. బటన్ మీదున్న నా వేలు వైపే చూస్తోంది. తర్వాత ఇంటికెళ్లే కారులో బావను ఎక్కించడానికి నేను తలుపు తీస్తే నన్ను పక్కకు నెట్టి, తనే ఆయన పట్టీ బిగించింది.

బావ అద్దం దించి నన్ను పిలిచాడు.

"ఒరేయ్ డోయల్, మళ్లీ తప్పు చెప్పానా?"

"అవును బావా."

"పోన్లే. నువ్వున్నావు గనక సరిపోయింది," అని నా చెయ్యి తట్టాడు.