లాకులో దిగిన పడవ

పై కాలవ నుంచి పడవల్ని కింది కాలవలోకి దింపే లాకు మాది. తలుపుకి రెండు రెక్కలు. ఇటు గట్టు రెక్క నాది, అటు గట్టుది మా తోడికోడలిది. అన్నదమ్ములిద్దరూ చేసిన పని, వాళ్ళు పోయాక మా నెత్తిన పడింది. ఇద్దరం ఒక్కసారే ఎవరి రెక్క దూలం వాళ్ళు నెడితే తప్ప తలుపు కదలదు. అందుకని ఎంత కోపమున్నా "తొయ్యక్కా" అని నేననాలి, "తోస్తున్నా" అని ఆవిడనాలి.

కోపం దేనికంటారా? ఓసారి చెప్పాపెట్టకుండా తన వైపు తూము ఎత్తి నీళ్ళు వదిలింది. నేను ఉతుకుతున్న బట్టలన్నీ కొట్టుకుపోయాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. ఇక మాటల్లేవు, ఆ రెండు ముక్కలు తప్ప. నూలు మిల్లు మూతపడి పడవలు ఆగాక అవీ పోయాయి. పలకరించే దిక్కులేక పొయ్యితో మాట్లాడేదాన్ని.

మొన్న పురాతన కట్టడాల ఆఫీసువాళ్ళొచ్చారు. మిల్లు పొగగొట్టం, లాకు, మా కొంపలూ అన్నీ చరిత్రట! తలుపులకి మోటారు పెట్టి మీట నా వైపు బిగించారు. "ఇక ఒక్కరు చాలు. అవతలి ఇల్లు ఖాళీ చేయించి చూడ్డానికొచ్చేవాళ్ళకి తెరుస్తాం. ఆవిడ మీ ఇంట్లో ఉంటానంటే మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు కళ్ళద్దాలాయన.

నాకు రెండు గదులు. ఒకటి తుడిచి, మంచం వాల్చి, ఉతికిన దుప్పటి పరిచాను. పిలవడమే మిగిలింది. ఆ పిలుపే గొంతు దాటదే! పెద్దది, తనే నోరు తెరిచి అడగొచ్చుగా అని నా పంతం.

అడగలేదు. కూతురి దగ్గరికి బయల్దేరింది. సామానుతో ఆఫీసువాళ్ళ పడవెక్కి లాకులోకి వచ్చింది. దింపాల్సింది నేనే, నా ఖర్మ! మీట నొక్కాను. నీళ్ళు తగ్గుతున్నాయి. గట్టుకి సమంగా కూర్చున్న మనిషి మెల్లగా గోడల మధ్యకి దిగిపోతోంది. నా వంకే చూస్తోంది. ఉండిపోవే అక్కా అనాలని ప్రాణం కొట్టుకుంది.

"గోడ పట్టుకోకు, పాచి," అన్నాను. ఛీ, నా నోరు పడిపోను!

అడుగు నుంచి తలెత్తింది. "పిచ్చిమొహమా, నువ్వు ఉండమంటావేమోనని నీళ్ళన్నీ దిగేదాకా చూశానే!"

"ఉండక్కా, వెళ్ళకు!" అని అరిచాను. నీళ్ళు కింది కాలవతో సమమవగానే దానంతటదే తలుపు తెరిచే మోటారు అప్పటికే మొదలైంది. ఆ రొదలో నా గొంతు నాకే వినబడలేదు.